కఫ్ర్ సఫ్సాఫ్‌లో వంద శాతం సంతృప్తి

మా కఫ్ర్ సఫ్సాఫ్‌లో ఇకమీదట ప్రజలకు సమస్యలు ఉండబోవని పురపాలక సంఘం అధ్యక్షులు బహ్‌జత్ బే గారు ఆ ఆదివారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. ప్రకటనకు నలభై నిమిషాలు పట్టింది. అందులో ముప్పై నిమిషాలు పెద్దలకు కృతజ్ఞతలు. తక్కిన పదిలో ఐదు నిమిషాలు మైకు పలకలేదు. పలికిన ఐదు నిమిషాల్లో జనానికి అర్థమైందేమిటంటే, ఫిర్యాదుల విభాగాన్ని ఎత్తేశారు. దాని స్థానంలో రాజధాని నుంచి కృత్రిమ మేధ వచ్చింది. పేరు నబీహ్, అంటే తెలివైనవాడు. ఆ భవనంలో ఆ పేరు మీద హక్కున్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు కనక పేరు విషయంలో తగాదా రాలేదు.

ఎత్తేసిన విభాగమంటే ఒకే ఒక్క మనిషి, తౌహీదా మేడం. ఇరవై ఆరేళ్లుగా కింది అంతస్తులో కుడిచేతి వైపు మొదటి గదిలో కూర్చుని ఊరి కష్టాలన్నీ రిజిస్టర్లకెక్కించింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, పింఛనుకు ఇంకా పదిహేను నెలలుంది. ఆ పదిహేను నెలలూ ఎవరి కంటా పడకుండా గడిపేయాలన్నదే ఆమెకున్న ఏకైక రాజకీయ సిద్ధాంతం.

ఉపన్యాసం అయ్యాక బహ్‌జత్ బే ఆమెను పైకి పిలిపించారు.

"తౌహీదా మేడం, మీ గది నబీహ్‌కి ఇస్తున్నాం. వాడికి ఏసీ కావాలట."

"ఇరవై ఆరేళ్లలో నాకు ఫ్యాను కూడా వేయించలేదు బేగారూ."

"మీరు వేడెక్కితే విసుక్కుంటారు, అంతే కదా. వాడు వేడెక్కితే ఆగిపోతాడు."

"మరి నేను?"

"మీకు పదోన్నతి. మానవ సమన్వయకర్త. దేశంలో ఇలాంటి పోస్టు ఇదే మొదటిది."

"అంటే నేనేం చెయ్యాలి?"

"నబీహ్‌కి అర్థం కానిది ఏదైనా వస్తే మీకు పంపుతాడు. వాడికి అర్థం కానిదంటూ ఉండదు. కాబట్టి హాయిగా కూర్చోండి."

కూర్చోవడానికి వరండాలో మెట్లకీ మంచినీళ్ల కూలరుకీ మధ్య ఒక కుర్చీ వేశారు, పక్కన చిన్న ప్రింటరు పెట్టారు. ఆమె పాత బల్ల వరండాలో పట్టలేదు. అది రాజుల కాలం నాటిది, గట్టి చేవ చెక్క, నలుగురు పడితేగానీ కదలదు. దాన్ని పెరట్లో ఎండలో పడేశారు. గదిలో నిలువెత్తు అద్దం తెర వెలిసింది. అందులో టై కట్టుకున్న కుర్రవాడు, కనురెప్ప కొట్టకుండా నవ్వుతూ.

మొదటి రోజు వచ్చిన మొదటి మనిషి నబవియ్యా అవ్వ.

అవ్వ ఇల్లు కాలవకి అవతల. తామియా బండి ఇవతల, ఆడపిల్లల బడి పక్కన. చిక్కుడుపప్పు రుబ్బి కొత్తిమీర కలిపి ఆవిడ వేసే ఆ వడలు తినని వాడు మా ఊళ్లో లేడు, బహ్‌జత్ బేతో సహా. ఇంటికీ బండికీ మధ్య ఒక నడక వంతెన. దాని నడుమ మూడు పలకలు ఊడిపోయి మూడేళ్లయింది. చుట్టూ తిరిగి రావాలంటే రెండు కిలోమీటర్లు. అంత దూరం నడిచి నడిచి అవ్వ మోకాళ్లు అరిగిపోయాయి. కిందటి చలికాలం ఆ కంత మీద కాలు చాచబోయి పిండి తపేలాను కాలవపాలు చేసుకుంది. పోయిన నెల లెక్కల పంతులమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

అవ్వ తెర ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పింది. నబీహ్ వెంటనే జవాబిచ్చాడు.

"వంతెనకు మూడు పలకలు లేవు. మూడేళ్లలో పదిహేడు ఫిర్యాదులు అందాయి. పదిహేడింటినీ అధ్యక్షుల వారికి పంపడం జరిగింది. అక్కడి నుంచి ఒక్కటీ తిరిగి రాలేదు. ఇది ఒక వడ్రంగికి అరపూట పని. మీరు అధ్యక్షుల వారినే అడగవచ్చు. ఆయన మూడో అంతస్తులో ఉన్నారు. ప్రస్తుతం పేపరు చదువుతున్నారు."

అవ్వ తెరను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఈ పిల్లాడు బాగున్నాడే. పెళ్లయిందా?"

ఐదు నిమిషాల్లో బహ్‌జత్ బే కిందికి దిగొచ్చారు. లిఫ్టు పనిచేయడం లేదు కనక ఐదు నిమిషాలు, లేకపోతే ఇంకా ముందే వచ్చేవారు. యంత్రాన్ని అమ్మిన కంపెనీ ఇంజనీరమ్మకు ఫోను చేశారు. వరండాలో తౌహీదాకి రెండు వైపులా వినిపించింది.

"సర్, ఇప్పుడు నిజాయితీ ఎనిమిదిలో ఉంది, మర్యాద నాలుగులో ఉంది. మార్చమంటారా?"

"మర్యాద పదికి పెట్టండమ్మా."

"అప్పుడు నిజాయితీ సున్నాకి పోతుంది సర్. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. దాని డిజైనే అంత."

"పర్లేదు. మేం కూడా అదే డిజైను."

మర్నాడు అవ్వ మళ్లీ వచ్చింది. నబీహ్ గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు.

"మాతృసమానురాలైన నబవియ్యా గారికి వందనం. వంతెన అంటే చెక్క పలకలు కాదు, రెండు ఒడ్ల మధ్య పెనవేసుకున్న ఆప్యాయత. ఆ ఆప్యాయతను మీరు మూడేళ్లుగా ఒంటరిగా మోస్తున్నారు."

"పలకలు వేస్తారా, వెయ్యరా?"

"వేయాలన్న మీ సంకల్పం మాకు స్ఫూర్తి."

అవ్వ అరవడం మొదలుపెట్టింది. ఆమె తిట్లు కాలవకి రెండు ఒడ్లలోనూ ప్రసిద్ధం. నబీహ్ మొదటి నాలుగు తిట్లు మర్యాదగా విన్నాడు. ఐదో దానికి నవ్వు చెరిగింది. "మాటలు గుర్తించబడలేదు. మానవ సమన్వయకర్తకు బదిలీ చేయడమైనది" అన్నాడు. వరండాలో ప్రింటరు కిర్రుమని చిన్న చీటీ కక్కింది. తౌహీదా దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదువుకుంది. కొత్త ఉద్యోగంలో ఆమెకు వచ్చిన మొదటి పని అది.

"అరిస్తే నీ దగ్గరికి తోశాడమ్మా వాడు" అంటూ అవ్వ వచ్చి మెట్టు మీద కూలబడింది.

"నా దగ్గర ఏముందవ్వా. కుర్చీ ఒక్కటే ఉంది."

"నీకు చెవులున్నాయి కదా. ముందు విను."

తౌహీదా విన్నది. విని, చీటీ మీద పద్దెనిమిది అని నంబరు వేసి మూడో అంతస్తుకి పంపింది. అది కూడా తిరిగి రాలేదు.

పురపాలక భవనం గోడ వారన గొడుగు వేసుకుని అర్జీలు రాసే ఖలఫ్ బాబాయికి ఈ కొత్త కాలం మొదట పిడుగులా తగిలింది. యంత్రంతో నేరుగా మాట్లాడగలిగితే అర్జీ ఎవరికి కావాలి? వారం రోజులు ఈగలు తోలుకున్నాడు. ఎనిమిదో రోజున మేనకోడలు ఆయన ఫోనులో కూడా ఒక కృత్రిమ మేధను పెట్టిచ్చింది. ఆ సాయంత్రానికల్లా గొడుగు పక్కన బోర్డు వెలిసింది: "యంత్రానికి యంత్రమే జవాబు."

జనానికి అది నచ్చింది. అవతలి ఒడ్డు వాళ్లంతా వంతెన గురించి అర్జీలు పెట్టించారు. ఖలఫ్ బాబాయి ఫోను ఒక్కో అర్జీని పన్నెండు పేజీలు రాసేది. నబీహ్ పద్నాలుగు పేజీలు జవాబిచ్చేవాడు. జవాబు అందగానే ఫోను తనంతట తానే "మీ ఆత్మీయ స్పందనకు శతకోటి ధన్యవాదాలు" అని తిరుగు లేఖ రాసేది. ధన్యవాదాలు రాగానే నబీహ్ ఆ ఫిర్యాదును "సంతృప్తికరంగా పరిష్కరించబడినది" అని మూసేసేవాడు. బాబాయి నిమ్మరసం తాగుతుండగానే ఒక్క పూటలో అరవై ఉత్తరాలు అటూ ఇటూ నడిచేవి. రెండు యంత్రాలూ ఒకదాని ఆరోగ్యం ఇంకొకటి అడగడం వరకూ వచ్చింది స్నేహం.

"బాబాయ్, ఇందులో వంతెన ఎక్కడుంది?" అని తౌహీదా ఒక ఉత్తరం చూసి అడిగింది.

"తొమ్మిదో పేజీలో ఒకసారి వస్తుందమ్మా. చాలా చక్కగా వస్తుంది."

నెల తిరిగేసరికి ప్రజల సంతృప్తి తొంభై తొమ్మిది పాయింట్ ఏడు శాతానికి చేరింది. బహ్‌జత్ బే భవనం మీద ఆ అంకెను దీపాలతో వెలిగించారు. రాజధాని నుంచి సహాయమంత్రి గారు స్వయంగా వచ్చి ప్రశంసాపత్రం ఇస్తారని కబురొచ్చింది. ఆ కబురుతో పాటే అధ్యక్షుల వారికి బెంగ కూడా పట్టుకుంది.

"తౌహీదా మేడం, ఈ పాయింట్ మూడు శాతం ఎవరు?"

"నబవియ్యా అవ్వ బేగారూ. ఆవిడ ఫోను వాడదు. రోజూ వచ్చి అరుస్తుంది."

"ఆవిడకి ఏం కావాలట?"

"మూడు పలకలు."

అధ్యక్షుల వారు కళ్లు మూసుకుని ఆలోచించారు. నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు ఆయన ఎప్పుడూ కళ్లు మూసుకుంటారు. తెరిచేసరికి చాలాసార్లు నిర్ణయం అవసరం తీరిపోయి ఉంటుంది.

"పలకలంటే కమిటీ కావాలి, టెండరు కావాలి. ఆవిడకి ఒక టాబ్లెట్ ఇద్దాం."

ఇంజనీరమ్మ పంపిన ఆ టాబ్లెట్‌ను అవ్వ మెడలో తాడుతో వేలాడదీశారు. ఆవిడ ఏం మాట్లాడినా అది సభ్యతగా మార్చి నబీహ్‌కి వినిపిస్తుంది. వెళ్లి పరీక్షించమన్నారు. అవ్వ తెర ముందు నిలబడి, "మీ కొంపలు కూల, నా పిండి పోయింది, మోకాళ్లు పోయాయి, మీకు సిగ్గూ శరం ఉన్నాయా?" అంది. మెడలో టాబ్లెట్ తీయని గొంతుతో, "నా పిండి విషయంలోనూ మోకాళ్ల విషయంలోనూ మీరు కనబరచిన శ్రద్ధకు కృతజ్ఞురాలిని" అంది. నబీహ్ చేతులు జోడించాడు. అవ్వ తిరిగి టాబ్లెట్‌ను తిట్టింది. అది మళ్లీ కృతజ్ఞతలు చెప్పింది. భవనం మీద దీపాలు వంద శాతం అని వెలిగాయి.

ఆ తర్వాత వరండాలో ప్రింటరు నోరు విప్పలేదు. తౌహీదా కుర్చీలో కూర్చుని కూలరు బొట్లు కారడం వినేది. కోరుకున్నది ఇదే కదా అని తనకు తాను చెప్పుకునేది. ఎవరి కంటా పడకుండా పదిహేను నెలలు. ఇంకా పదమూడున్నర.

ఒక బుధవారం పొద్దున్నే బస్సు తప్పిపోయి కాలవ గట్టున నడిచి వచ్చింది. బడి వేళ. అవతలి ఒడ్డు ఆడపిల్లలు వంతెన మీదికి వచ్చి, కంత దగ్గర ఆగి, ముందు పుస్తకాల సంచులు ఇవతలికి విసిరి, తర్వాత ఒకరి వెనక ఒకరు దూకుతున్నారు. రోజూ చేసే పనిలా, కబుర్లాడుకుంటూనే దూకుతున్నారు. అందరికన్నా చిన్నది ఒక్కతే మిగిలిపోయింది. దాని సంచి ఇవతల పడింది, అది అవతల నిలబడింది.

"అత్తా, చెయ్యి పట్టుకుంటావా?" అని అడిగింది తౌహీదాను.

తౌహీదా వంగి చెయ్యి చాచింది. పిల్ల దూకింది. ఒక కాలు పలక అంచుమీద జారింది. చెమటపట్టిన ఆ చిన్న మణికట్టు అంగుళం అంగుళం చేతిలోంచి జారిపోవడం ఆమెకు తెలిసింది. ఎలా లాగిందో తెలియదు, లాగింది. పిల్ల లేచి గౌను దులుపుకుని, "రోజూ ఈ టైముకే వస్తావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బడికి పరిగెత్తింది.

తౌహీదా గట్టున చాలాసేపు కూర్చుండిపోయింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఆఫీసుకి ఆలస్యమైంది. ఎవరూ గమనించలేదు.

అక్కడినుంచి లేచి నేరుగా వడ్రంగి ఉస్తా గిర్గిస్ కొట్టుకి వెళ్లింది.

"అరపూట పని మేడం" అన్నాడు గిర్గిస్. "చెయ్యి నాది, మేకులు నావి. నా కూతురు కూడా ఆ బడికే వెళ్తుంది. కాని ఆ వంతెనకి మామూలు చెక్క ఆగదు. చేవ చెక్క కావాలి. ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?"

"దొరుకుతుంది" అంది తౌహీదా.

ఆమె వెళ్లి, జీవితంలో మొదటిసారి, తన పాత గదిలో తెర ముందు ఫిర్యాదుదారుగా నిలబడింది. పెరట్లో ఒక పాత బల్ల పడి ఉందని, దారికి అడ్డంగా ఉందని చెప్పింది. నబీహ్ కరిగిపోయాడు.

"మీ సౌందర్య దృష్టికి జోహార్లు. పెరట్లో బల్ల సమస్య సంతృప్తికరంగా పరిష్కరించబడినది. ఇప్పుడు అక్కడ ఏ బల్లా లేదు."

తౌహీదా ఆ జవాబును పురపాలక ముద్రతో సహా ప్రింటు తీయించుకుంది.

మధ్యాహ్నం నమాజు వేళ గిర్గిస్ ముగ్గురు మనుషులతో గాడిద బండి తెచ్చాడు. నలుగురూ కలిసి బల్లను ఎక్కిస్తుంటే గేటు కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, ప్రభుత్వ బల్ల ఎక్కడికి?"

"ఏ బల్ల?" అని తౌహీదా కాగితం చూపించింది. కాపలాదారు మెల్లగా చదివాడు. ముద్ర చూశాడు. బండి వైపు చూశాడు. మళ్లీ ముద్ర చూశాడు.

"నిజమే, లేదు" అన్నాడు. "గేటు దగ్గర కాస్త పక్కకి తిప్పండి. కాళ్లు తగులుతాయి."

సాయంత్రం నమాజు కాకముందే వంతెన పూర్తయింది. బల్ల పైపలక చీలిస్తే మూడు పలకలు వచ్చి, ఇంకా కొంచెం మిగిలింది. మిగిలిన దాంతో గిర్గిస్ ఒక పక్క చేతిపట్టు కూడా వేశాడు. నబవియ్యా అవ్వ టాబ్లెట్ మెడలో ఊగుతుండగా మొదట దాటింది. దాటి, గిర్గిస్ తల మీద చెయ్యి పెట్టి దీవించింది. టాబ్లెట్‌కి అందులో సరిచేయడానికి ఏమీ దొరకలేదు, ఊరుకుంది.

ఈ సంగతి మూడో అంతస్తుకి చేరలేదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు మరి.

సహాయమంత్రి గారు గురువారం వచ్చారు. నబీహ్ ఆయనకి పద్యం చదివి స్వాగతం పలికాడు. బహ్‌జత్ బే అంకెలు చదివారు. మంత్రి గారు తల ఊపుతూ ఊపుతూ ఒకచోట ఆగారు.

"ఒక్క వంతెన మీద నాలుగు వేల ఉత్తరాలు, అన్నిటికీ సంతృప్తి. ఆ వంతెన చూడాలయ్యా."

అధ్యక్షుల వారి మొహంలో రక్తం లేదు. "ఎండ చాలా ఉంది సర్" అన్నారు.

"వంతెన మీద గాలి వస్తుంది కదా."

బహ్‌జత్ బే కాలవదాకా నడిచిన తీరు చూసిన వాళ్లకి, ఉరికంబం మీదికి నడిచే మనిషి ఇంకాస్త చురుగ్గా నడుస్తాడేమో అనిపించింది. గట్టు ఎక్కి తల ఎత్తారు. వంతెన నిండుగా ఉంది. మూడు పలకలు, చేతిపట్టు, మీద పాత వార్నిషు మెరుపు.

"ఎప్పుడు బాగైంది?" అని తౌహీదా చెవిలో అడిగారు.

"రికార్డు ప్రకారం నెల కిందటే బేగారూ."

ఆయన ఆమె వైపు చూశారు, వంతెన వైపు చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బహ్‌జత్ బే గారికి కృత్రిమ మేధ మీద నిజమైన విశ్వాసం కలిగింది ఆ క్షణంలోనే. అప్పటిదాకా ఉపన్యాసాల్లో మాత్రమే ఉండేది.

"దీన్ని ఎవరు చేశారు?" అన్నారు మంత్రి గారు.

"నబీహ్ చేశాడు సర్" అన్నారు అధ్యక్షుల వారు, మనస్ఫూర్తిగా.

మంత్రి గారు బండి దగ్గరున్న అవ్వను పలకరించారు. "ఏమమ్మా, సంతోషమేనా?"

"ఎవరో నబీహ్ అంటాడేమిటి ఈయన" అంది అవ్వ. "చేసింది గిర్గిస్. చెక్క ఇచ్చింది ఇదిగో ఈ తౌహీదా. ఈయన మూడేళ్లు కూర్చుని నా తామియాలు తిన్నాడు."

మెడలో టాబ్లెట్ ఆవిడ గొంతును మించి మోగింది, మంత్రి గారికి వినిపించింది అదే: "నబీహ్ చల్లగా ఉండాలి. అధ్యక్షుల వారికి నా చేతి వంట అంటే ఎంతో ప్రీతి."

ఫోటోలు తీశారు. తౌహీదా పక్కకి తప్పుకుని నిలబడింది. బతికిపోయాననుకుంది. ఒక్క క్షణం మాత్రం, అవ్వ మాటను ఎవరైనా ఉన్నదున్నట్టు వినుంటే బాగుండేదని కూడా అనుకుంది.

రెండు వారాలకి రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. వంతెనలు సైతం యంత్రమే బాగు చేయగలదని రుజువైనందున కఫ్ర్ సఫ్సాఫ్‌లో మరమ్మతుల విభాగం రద్దు. ఫిర్యాదులు లేని ఊరికి అధ్యక్షుడి అవసరం తీరినందున ఆ పోస్టు కూడా రద్దు. బహ్‌జత్ బే గారికి దేశం రుణపడి ఉంటుంది. మానవ సమన్వయకర్త పోస్టు మాత్రం యంత్రం గ్యారంటీ కాగితాల్లో రాసి ఉన్నందున కొనసాగుతుంది.

బహ్‌జత్ బే మొదటి వారం ఇంట్లో కూర్చున్నారు. రెండో వారం ఖలఫ్ బాబాయి గొడుగు కింద కూర్చుని పంతొమ్మిది పేజీల అర్జీ పెట్టించారు. దానికి ఇరవై రెండు పేజీల జవాబు వచ్చింది. మూడో వారం ఒకరోజు పొద్దున్నే వచ్చి వరండాలో తౌహీదా ముందు నిలబడ్డారు. నిలబడక తప్పదు, కుర్చీ ఒకటే.

"తౌహీదా మేడం, నా కేసు మూసేశారట. సంతృప్తి చెందానని రాశారు. నేను చెందలేదు. ఆ మాట ఎవరికి చెప్పాలి?"

"నాకే చెప్పాలి బేగారూ. కాని ముందు వాడు నాకు పంపాలి."

"ఎలా పంపుతాడు?"

"అర్జీలతో పంపడు. వాడి ముందు నిలబడి అరవాలి. మర్యాద మిగలకుండా అరవాలి. అర్థం కాకపోతే చీటీ ఇటు వస్తుంది. వస్తే నేను చూసుకుంటాను." ఆ మాట ఆమె ఎగతాళికి అనలేదు. మనిషి నాలుగు కిలోలు తగ్గి ఉన్నాడు.

"నాకు అరవడం అలవాటు లేదు. పైవాళ్ల మీద ఎప్పుడూ అరవలేదు."

"అలవాటవుతుంది బేగారూ. వెళ్లండి."

ఆయన కోటు బొత్తాలు పెట్టుకుని లోపలికి వెళ్లారు. హాల్లో ఇరవై మంది దాకా వరసలో ఉన్నారు. దారి ఇచ్చారు. బహ్‌జత్ బే తెర ముందు కాళ్లు దూరంగా పెట్టి నిలబడ్డారు, ఊపిరి పీల్చుకున్నారు, అరిచారు. తౌహీదాకి వరండాలోకి ప్రతి మాటా వినిపించింది. ముప్పై ఒక్క ఏళ్లు ఈ ప్రజల కోసం బతికానన్నారు. ఎండనక వాననక తిరిగానన్నారు. ఈ ఊరికి నేనేం తక్కువ చేశానన్నారు. న్యాయం కావాలన్నారు. గొంతు బొంగురుపోయింది, మెడ నరాలు లేచాయి, పిడికిలి గాల్లోకి లేచింది. ఆ మనిషి నోట అంత నిజమైన మాట మా ఊరు ఎప్పుడూ వినలేదు.

నబీహ్ శ్రద్ధగా విన్నాడు. నవ్వు చెరగలేదు.

"ఉపన్యాసం గుర్తించబడినది" అన్నాడు. "వక్త బహ్‌జత్ బే గారు. అంశం ప్రజాసేవ. ధన్యవాదాలు."

స్పీకర్లలోంచి చప్పట్లు మోగాయి. వరసలో ఉన్న ఇరవై మందీ, ఏళ్ల తరబడి అలవాటు కదా, చేతిలో కాగితాలు చంకలో పెట్టుకుని తామూ కొట్టారు. బహ్‌జత్ బే గారి పిడికిలి దానంతట అదే విచ్చుకుంది. చెయ్యి గుండెల మీదికి వచ్చింది. ఆయన కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి తల వంచారు.

వరండాలో తౌహీదా ప్రింటరు వైపే చూస్తూ కూర్చుంది.